బెల్టు అరిస్తే ముందు గాడి చూడండి

(పాత కార్లను సొంతంగా బాగుచేసుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది అరచేతిలో ఇమిడిపోయే ఒక ఇనుప చక్రం గురించి. ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. పాత అంబాసిడర్ కారు నుంచి తీసిన ఆల్టర్నేటర్ పుల్లీ. ఆల్టర్నేటర్ అంటే ఇంజిన్ తిరుగుతుండగా కారుకు విద్యుత్తు తయారుచేసే యంత్రం, పుల్లీ అంటే బెల్టు తిప్పే దాని చక్రం. బయటి వ్యాసం 68 మిల్లీమీటర్లు. ఒకటే గాడి. మధ్యలో షాఫ్టు, అంటే ఇరుసు, దూరడానికి 17 మిల్లీమీటర్ల బోర్, అంటే రంధ్రం. ప్రసంగం అయ్యాక దీన్ని చేతిలోకి తీసుకుని, గాడి గోడ మీద గోరు పెట్టి అంచు నుంచి లోపలికి లాగి చూడండి. ఒకచోట గోరు పల్లంలోకి దిగుతుంది. మనం మాట్లాడుకోవలసింది ఆ పల్లం గురించే.

మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. పొద్దున కారు స్టార్ట్ చేసి లైట్లు వేయగానే బానెట్ కింద నుంచి కీచుమని అరుపు వస్తుంది. మెకానిక్ బెల్టు బిగిస్తాడు. కొన్నాళ్లు శబ్దం ఉండదు, తరువాత మళ్లీ మొదలవుతుంది. ఈసారి కొత్త బెల్టు వేస్తారు. కొన్ని నెలలు ప్రశాంతంగా ఉంటుంది. మళ్లీ అదే అరుపు. అప్పుడు అందరూ అనేది ఒకటే: ఈ రోజుల్లో బెల్టులు నాణ్యంగా రావడం లేదు అని. నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చాలా సందర్భాల్లో బెల్టు తప్పేమీ లేదు. పుల్లీ అరిగిపోయింది. కొత్త బెల్టు ఆ అరుగుదలను కొన్ని నెలల పాటు కప్పిపుచ్చుతుంది, అంతే. ఎలా కప్పిపుచ్చుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఆ లెక్క అర్థమైతే మరమ్మతు ఎలా చేయాలో సగం తెలిసినట్టే.

ముందు బెల్టు పుల్లీని ఎలా పట్టుకుంటుందో చూద్దాం. బెల్టు గాడి అడుగున కూర్చుని చక్రాన్ని తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. జరగకూడదు కూడా. వీ ఆకారపు బెల్టు రెండు పక్క గోడల మధ్య ఇరుక్కుంటుంది. దుంగ చీల్చేటప్పుడు కొట్టే చీలలాగా, కిందికి లాగే కొద్దీ పక్కలకు ఎన్నో రెట్లు బలంగా ఒత్తుతుంది. ఎన్ని రెట్లన్నది గాడి కోణం మీద ఆధారపడుతుంది. ఈ పుల్లీ గాడి కోణం 36 డిగ్రీలు, అంటే ఒక్కో గోడ వాలు 18 డిగ్రీలు. 18 డిగ్రీల సైన్ విలువ 0.309. ఒకటిని దానితో భాగిస్తే 3.24 వస్తుంది. అంటే అదే రబ్బరు, అదే బిగువు ఉన్నా, గోడల మధ్య ఇరుక్కున్న బెల్టుకు చదునైన బెల్టు కంటే మూడు రెట్లకు పైగా పట్టు ఉంటుంది.

దీని ఫలితం ఇంకా పెద్దది. బెల్టు లాగే వైపు బిగువుకూ వదులు వైపు బిగువుకూ మధ్య ఎంత తేడాను పుల్లీ జారకుండా భరించగలదు అన్నదే అసలు ప్రశ్న. రాపిడి గుణకం 0.3 అనుకుందాం, బెల్టు ఆల్టర్నేటర్ పుల్లీని 120 డిగ్రీల మేర చుట్టుకుంది అనుకుందాం. గోడల మీద కూర్చున్న బెల్టుకు ఆ నిష్పత్తి దాదాపు ఏడున్నర వస్తుంది. అదే బెల్టు గోడలను వదిలి అడుగున కూర్చుంటే, రెండుకు కూడా చేరదు. మీరు వినే కీచు శబ్దం ఈ రెండు అంకెల మధ్య పుట్టిన తేడా. ఎంత బిగించినా అడుగున కూర్చున్న బెల్టుకు ఆ పట్టు తిరిగి రాదు. బిగించిన కొద్దీ ఆల్టర్నేటర్ ముందు బేరింగూ వాటర్ పంపు బేరింగూ పాడవుతాయి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఈ పుల్లీ కొత్తగా ఉన్నప్పుడు బెల్టు కింది ముఖానికీ గాడి అడుగుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేది. గోడ ఒక్కో వైపు అర మిల్లీమీటర్ అరిగిందనుకోండి. అర మిల్లీమీటర్ అంటే మన కంటికి ఆనదు. కానీ గోడ వాలు 18 డిగ్రీలు కాబట్టి, పక్కకు అర మిల్లీమీటర్ పోతే బెల్టు లోపలికి దిగేది అర మిల్లీమీటర్ కాదు, ఒకటిన్నర మిల్లీమీటర్. ఇక బెల్టు కూడా ఇరువైపులా అర మిల్లీమీటర్ చొప్పున అరిగితే మరో ఒకటిన్నర. రెండూ కలిపితే 3 మిల్లీమీటర్లు. ఖాళీ పూర్తిగా పోయింది, బెల్టు అడుగును తాకింది, అరుపు మొదలైంది.

కొత్త బెల్టు వేసినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు చూడండి. బెల్టు వాటా అయిన ఒకటిన్నర మిల్లీమీటర్ వెనక్కి వచ్చింది. పుల్లీ వాటా అలాగే ఉంది. పైగా తిన్నని పక్కలున్న కొత్త బెల్టును పల్లం పడిన గోడల మధ్య తిప్పుతున్నాం కాబట్టి, అది గోడను పూర్తిగా ఆనుకోదు. పల్లం పై గట్టునూ కింది గట్టునూ మాత్రమే ఆనుకుని, అక్కడే వేడెక్కి, నల్లటి పొడి రాలుస్తూ త్వరగా అరుగుతుంది. అందుకే ప్రతి కొత్త బెల్టూ ముందుదాని కంటే తక్కువ కాలం మన్నుతుంది. ప్రతిసారీ నింద మాత్రం బెల్టు మీదికే పోతుంది.

ఇంజిన్ ఇరుసు మీదుండే క్రాంకు పుల్లీ, వాటర్ పంపు పుల్లీ, ఆల్టర్నేటర్ పుల్లీ మూడింటి మీదా ఒకే బెల్టు తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ పుల్లీయే ముందు ఎందుకు అరుగుతుంది? మూడింటిలో అదే చిన్నది. బెల్టు దాన్ని తక్కువ మేర చుట్టుకుంటుంది. క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు అది రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. అది మోయాల్సిన భారం కూడా తక్కువేమీ కాదు. 14 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు ఇస్తున్న ఆల్టర్నేటర్ నుంచి వచ్చే విద్యుత్తు 630 వాట్లు. దాని సామర్థ్యం సుమారు 57 శాతం అనుకుంటే, బెల్టు అందించాల్సిన శక్తి 1,100 వాట్లు, అంటే దాదాపు ఒకటిన్నర హార్స్‌పవర్. ఆల్టర్నేటర్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, ఈ చిన్న చక్రం అంచున బెల్టు దాదాపు 11 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగుతూ ఉండాలి.

పాత బండ్లలో డైనమో, అంటే పాతకాలపు విద్యుత్తు యంత్రం, తీసి ఆల్టర్నేటర్ పెట్టించుకున్నవారు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి. లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు. దాని స్థానంలో రెట్టింపు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టి, బెల్టును మాత్రం మార్చకుండా ఉంచాం. ఆల్టర్నేటర్ పుల్లీ డైనమో పుల్లీ కంటే చిన్నది కాబట్టి చుట్టు కూడా తగ్గింది. ఆల్టర్నేటర్ పెట్టుకోవద్దని నేను అనను. రాత్రి ప్రయాణాల్లో లైట్లు మసకబారకుండా ఉండటం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. కాకపోతే అలాంటి బండ్లలో గాడిని ఇంకా తరచుగా చూసుకోవాలి. ఒకే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది కనుక, ఇక్కడ జారితే వేసవిలో ఇంజిన్ వేడెక్కుతుంది కూడా.

అరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, బెల్టు వదులు చేసి, టార్చి వేసి గాడి అడుగు చూడండి. అడుగు మసి పట్టి, మట్టిరంగులో ఉంటే మంచిది. అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అక్కడ రాసుకుంటోందని అర్థం. కొత్త బెల్టు ముక్క ఒకటి దగ్గర ఉంచుకోండి. అది గాడిలో పెడితే పై ముఖం అంచుతో సమానంగానో, కాస్త పైకో ఉండాలి. బాగా కిందికి దిగిపోతే గోడలు పోయాయి. మూడో గుర్తు, రెండు గోడల్లో ఒకటే ఎక్కువగా అరగడం. ఇది కనిపిస్తే పుల్లీ కంటే ముందు ఆల్టర్నేటర్ బ్రాకెట్టు సంగతి చూడాలి. పుల్లీలు ఒకే వరసలో లేవు. ఆ వంకర సరిచేయకుండా పుల్లీని బాగుచేస్తే, అది కూడా అదే వైపు మళ్లీ అరుగుతుంది.

ఇంటి పనిశాలలో బాగుచేయదగినవీ, చేయకూడనివీ ఉన్నాయి. పోత ఇనుముతోనో ఘన ఉక్కుతోనో చేసిన మందమైన పుల్లీ అయితే లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ టూల్‌తో తరిగే యంత్రం మీద, గాడిని మళ్లీ కోయవచ్చు. రేకును ఒత్తి, రెండు సగాలు కలిపి అతికించిన పుల్లీల జోలికి పోకండి. ఆ రేకు మందంలోంచి అర మిల్లీమీటర్ తీస్తే బలమే ఉండదు. రెండు సగాలూ విడిగా ఉండి, మధ్యలో పలుచని షిమ్‌లు, అంటే రేకు బిళ్లలు, ఉన్న పుల్లీలు వేరే రకం. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో జనరేటర్ పుల్లీ అలాంటిదే. అక్కడ షిమ్‌లు తీసి సగాలను దగ్గర చేస్తే బెల్టు పైకి వస్తుంది, బిగువు కూడా అలాగే సరిచేస్తారు. ఇక ఇప్పటి కార్లలోని సన్నని గాళ్ల పుల్లీల గురించి చివర్లో ఎవరైనా అడుగుతారని అనుకుంటున్నాను, అప్పుడు చెబుతాను.

పుల్లీ విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావుపాటి తీగలో ఇంజిన్ ఆగి ఉన్నా కరెంటు ఉంటుంది. స్పానర్ దానికీ ఇంజిన్‌కూ మధ్య తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆల్టర్నేటర్‌ను బల్ల మీదికి తెచ్చాక పుల్లీ తిరగకుండా పట్టుకోవాలి కదా. చాలామంది ఫ్యాను రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూరుస్తారు. రెక్క వంగుతుంది, ఒక్కోసారి లోపలి తీగచుట్టే తెగుతుంది. దీనికి చక్కటి ఉపాయం ఉంది. పారేయబోయే పాత బెల్టును గాడిలో చుట్టి, దాని రెండు కొసలనూ పుల్లీకి దగ్గరగా వైస్‌లో బిగించండి. పుల్లీకి గాయం కాదు, కదలదు. నట్ వదులయ్యాక పుల్లీ రాకపోతే రెండు కాళ్ల పుల్లర్ వాడండి. షాఫ్టు కొస మీద సుత్తితో మాత్రం కొట్టవద్దు. ఆ దెబ్బ నేరుగా బేరింగుల మీద పడుతుంది.

కొలతలు తీసేటప్పుడు తొందర వద్దు. గాడి గోడలో బెల్టు అంతగా అరగదీయని సన్నని పట్టీలు రెండు ఉంటాయి, అంచు దగ్గర ఒకటి, అడుగు దగ్గర ఒకటి. కారు తయారైనప్పటి కోణం అక్కడ మాత్రమే మిగిలి ఉంటుంది. రేకు ముక్కను ఆ పట్టీలకు సరిపోయేలా రాసి, కోణమానినితో కొలవండి. మన పుల్లీకి 36 అని చెప్పాను. అన్ని పుల్లీలకూ అంతే ఉంటుందని అనుకోవద్దు. బెల్టు పక్కల కోణం 40 డిగ్రీలు ఉన్నా చిన్న పుల్లీకి గాడి కోణం అంతకంటే తక్కువగా ఉంచుతారు. ఎందుకంటే బెల్టు చిన్న చక్రం చుట్టూ వంగినప్పుడు లోపలి వైపు రబ్బరు నొక్కుకుని పక్కలకు ఉబ్బుతుంది, దాంతో దాని కోణం తగ్గుతుంది. చక్రం ఎంత చిన్నదైతే కోణం అంత తగ్గాలి. కొందరు టర్నర్లు, అంటే లేత్ పనివారు, బెల్టు విడిగా ఉన్నప్పుడు కొలిచి అదే కోణంలో కోస్తారు. అలా కోసిన గాడిలో బెల్టు గోడను పై అంచున ఒకలా, కింది అంచున ఒకలా ఆనుకుంటుంది. అందుకే మిగిలిన పట్టీని నమ్మమంటున్నాను.

తరువాత గాడి అడుగుకూ బోర్‌కూ మధ్య మందం. ఈ పుల్లీలో అడుగు వ్యాసం 46, బోర్ 17. మధ్యలో 14.5 మిల్లీమీటర్ల లోహం ఉంది. రెండు మిల్లీమీటర్లు లోతు చేసినా 12.5 మిగులుతుంది, కీ గాడి లోతు తీసేసినా కావలసినంత బలం ఉంటుంది. కీ అంటే పుల్లీ, షాఫ్టు కలిసి తిరగడానికి వాటి మధ్య దూర్చే చిన్న లోహపు ముక్క. మీ పుల్లీలో ఈ మందం ఐదారు మిల్లీమీటర్లకు తగ్గేలా ఉంటే కోయవద్దు, కొత్తది చేసుకోండి.

ఇక లేత్ పని. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పుల్లీని నేరుగా మూడు దవడల చక్‌లో, అంటే లేత్ మీద వస్తువును పట్టుకుని తిప్పే భాగంలో, పట్టుకుని కోయకూడదు. చక్ పట్టుకునేది బయటి అంచును. కారులో తిరిగేది బోర్ ఆధారంగా. ఆ రెండింటి కేంద్రాలు కలవకపోతే గాడి వంకరగా తిరుగుతుంది. అందుకని ముందు ఒక మాండ్రిల్, అంటే పుల్లీని మోసే కడ్డీ, చేసుకోవాలి. ఉక్కు కడ్డీని చక్‌లో బిగించి, బోర్‌లో చేతితో నెడితే దూరేంత, వదులు మాత్రం లేకుండా, అంటే 0.01 మిల్లీమీటర్ తక్కువగా తరగండి. వెనుక ఒక మెట్టు ఉంచండి. కొసన మరలు కోసి, వాషరూ నట్టూ పెట్టి పుల్లీని ఆ మెట్టుకు బిగించండి. టెయిల్‌స్టాక్ సెంటర్‌తో, అంటే లేత్ అవతలి చివర ఉండే మొనతో, ఆ కొసను ఆనించండి. పని అంతా పూర్తయ్యేదాకా మాండ్రిల్‌ను చక్ నుంచి తీయకూడదు. తీసి మళ్లీ పెడితే మొదటి కేంద్రం తిరిగి రాదు. ఈ ఒక్క నియమం పాటిస్తే చిన్న బెంచ్ లేత్ మీద కూడా 0.05 మిల్లీమీటర్ లోపు వంకరతో గాడి వస్తుంది.

కోణం పెట్టడం తరువాతి మెట్టు. టూల్‌ను ఏటవాలుగా నడిపే కాంపౌండ్ స్లైడును, టూల్‌ను అడ్డంగా నడిపే క్రాస్ స్లైడు దిశ నుంచి 18 డిగ్రీలు తిప్పాలి. చిన్న లేత్‌ల మీద చెక్కిన గీతలు కచ్చితంగా ఉండవు, పైగా కొన్నిటిలో సున్నా ఎక్కడ ఉందో బట్టి అదే స్థానం 72 అని చదవాల్సి వస్తుంది. గీతలను నమ్మకుండా, సూక్ష్మమైన కదలికను కొలిచే డయల్ గేజ్‌తో సరిచూసుకోండి. గేజ్‌ను బెడ్ (లేత్ పీఠం) మీద నిలిపి, దాని ముల్లును లేత్ అక్షానికి సమాంతరంగా ఉంచి, అక్షానికి లంబంగా నిలబెట్టిన టూల్‌పోస్టు (టూల్‌ను పట్టుకునే దిమ్మ) పక్క ముఖాన్ని తాకించండి. కాంపౌండ్‌ను సరిగ్గా 10 మిల్లీమీటర్లు నడిపితే గేజ్ 3.09 చూపాలి. అది 10 రెట్ల 18 డిగ్రీల సైన్. 3.2 చూపితే కోణం ఎక్కువైంది, 3.0 చూపితే తక్కువైంది. స్లైడును కొద్దిగా తట్టి మళ్లీ చూడండి. ఈ సరిచూపుకు పావుగంట పట్టినా పట్టనివ్వండి.

గాడి మొత్తాన్ని వీ ఆకారపు టూల్‌తో ఒకేసారి నొక్కి కోయవచ్చు కదా అంటారు కొందరు. బరువైన లేత్‌కు అది కుదురుతుంది. ఇంట్లో ఉండే చిన్న యంత్రం అంత వెడల్పు కోతను భరించలేదు, వణుకుతుంది, గోడ మీద అలలు పడతాయి. ఆ అలలు ఆకురాయిలా బెల్టును తినేస్తాయి. అందుకని రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని టూల్‌తో ముందు అడుగును కావలసినంత లోతు చేయండి. ఇక్కడ 2 మిల్లీమీటర్లు సరిపోతుంది. తరువాత స్లైడులను మోసే క్యారేజిని కదలకుండా బిగించి, కాంపౌండ్‌తో ఒక గోడను 0.1 మిల్లీమీటర్ చొప్పున తరగండి. పల్లం పూర్తిగా పోయి గోడంతా ఒకే మెరుపు వచ్చేదాకా తీయాలి, అంతకు మించి ఒక్క పొర కూడా తీయకూడదు. అప్పుడు కాంపౌండ్‌ను రెండో వైపు అదే 18 డిగ్రీలకు తిప్పి, మళ్లీ గేజ్‌తో చూసి, రెండో గోడ కోయండి. చివరగా బయటి అంచును ఒకటిన్నర మిల్లీమీటర్ తగ్గించండి. బెల్టు ఇప్పుడు అంత లోతున తిరుగుతుంది కాబట్టి, అంచు కూడా తగ్గితేనే ముందు ముందు బెల్టు ఎత్తు చూసి అరుగుదల చెప్పగలుగుతాం.

హైస్పీడ్ స్టీల్ టూల్ అయితే నిమిషానికి 25 మీటర్ల కోత వేగం చాలు. 65 మిల్లీమీటర్ల వ్యాసానికి అది నిమిషానికి 120 చుట్లు. పోత ఇనుమును పొడిగానే కోయాలి. దాని నల్లటి పొడి నూనెతో కలిస్తే బెడ్‌ను అరగదీసే ముద్దగా మారుతుంది. ముందే బెడ్ మీద కాగితం కప్పి, పని అయ్యాక పూర్తిగా తుడిచేయండి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చేతులకు తొడుగులు మాత్రం వద్దు. ఇంట్లో పని కదా అని లుంగీతో, భుజాన కండువాతో, మెడలో గొలుసుతో లేత్ దగ్గర నిలబడేవారిని చూసి నేను భయపడ్డాను. తిరిగే చక్‌కు బట్ట చిక్కితే మనిషికి వెనక్కి లాక్కునే సమయం ఉండదు. గోడకు నునుపు తేవడానికి ఎమెరీ గుడ్డ వాడేటప్పుడు దాన్ని వేళ్లకు చుట్టుకోకుండా, చెక్క పుల్లకు అతికించి ఆనించండి.

ఇలా కోసిన తరువాత బెల్టు తిరిగే వ్యాసం 65 నుంచి 62కు తగ్గుతుంది. ఆల్టర్నేటర్ దాదాపు 5 శాతం వేగంగా తిరుగుతుంది. దీనివల్ల నష్టం లేదు, నెమ్మదిగా నడిచేటప్పుడు చార్జింగ్ కాస్త మెరుగవుతుంది కూడా. అయితే ఇదే పుల్లీని రెండోసారి, మూడోసారి కోయడం మంచిది కాదు. వేగం పెరుగుతుంది, చక్రం చిన్నదై బెల్టు మరీ ఎక్కువగా వంగాల్సి వస్తుంది.

బోర్ అరిగిన పుల్లీల గురించి కూడా చెప్పాలి. విప్పినప్పుడు షాఫ్టు చుట్టూ తుప్పు రంగు పొడి కనిపించి, కీ గాడి అంచులు నలిగి ఉంటే, పుల్లీ షాఫ్టు మీద కదులుతోందని అర్థం. కీ బలంగా లేదని, ఇంకా పెద్ద కీ పెట్టాలని చాలామంది పొరపడతారు. ఒక్క లెక్క చూడండి. 1,100 వాట్ల శక్తిని 3,000 చుట్ల దగ్గర పంపడానికి కావలసిన మెలితిప్పే బలం మూడున్నర న్యూటన్ మీటర్లు మాత్రమే. పుల్లీ నట్‌ను బిగించేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నట్ సరిగా బిగిసి ఉంటే ఆ ఒత్తిడి వల్ల కలిగే రాపిడే పుల్లీని తిప్పుతుంది, కీ మీద బరువే పడదు. చాలా ఆల్టర్నేటర్లకు అసలు కీ ఉండనే ఉండదు. కీ గాడి నలిగింది అంటే నట్ వదులైంది, లేదా పుల్లీ వెనుక ముఖం సమంగా లేదు. ఆ ముఖాన్ని లేత్ మీద సమం చేయకుండా కీ మార్చి లాభం లేదు.

బోర్ మరీ పెద్దదైతే, దాన్ని ఇరువైపులా మూడేసి మిల్లీమీటర్లు పెంచి, ఉక్కు బుష్ (చిన్న గొట్టం) దిగ్గొట్టి, బుష్ లోపల మళ్లీ షాఫ్టు కొలతకు బోర్ చేయాలి. ఈ పని గాడి కోయడానికి ముందే చేయాలి. కొత్త బోర్ ఆధారంగానే గాడి కోస్తే రెండూ ఒకే కేంద్రం మీద వస్తాయి. వెల్డింగుతో గాడి గోడలను నింపి మళ్లీ తరగడం చూస్తుంటాం. పోత ఇనుము మీద అది నమ్మదగిన పని కాదు. అతుకు పక్కన గట్టిపడి, చల్లారేటప్పుడు పగుళ్లు వస్తాయి. నిమిషానికి పది వేల చుట్లు తిరిగే చక్రంలో పగులును నేను ఒప్పుకోలేను. అంతకంటే ఈఎన్‌8 రకం ఉక్కు కడ్డీ ముక్క తెచ్చి కొత్త పుల్లీ తరుక్కోవడం తేలిక. లేత్ లేనివారు కోణం, అడుగు వ్యాసం, బోర్, వెనుక ముఖం నుంచి గాడి మధ్యకు దూరం, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి టర్నర్ చేతిలో పెడితే చాలు. నాలుగో కొలతను ఎక్కువమంది మరచిపోతారు. అది తప్పితే బెల్టు వరస తప్పుతుంది.

సమతూకం గురించి ఒక మాట. ఈ పుల్లీలో ఒకవైపు ఒక్క గ్రాము ఎక్కువ ఉంది, అది కేంద్రానికి 30 మిల్లీమీటర్ల దూరంలో ఉంది అనుకోండి. ఆల్టర్నేటర్ నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే ఆ ఒక్క గ్రాము దాదాపు 5 కిలోల బలంతో బేరింగును సెకనుకు 200 సార్లు అన్ని దిక్కులకూ గుంజుతుంది. కాబట్టి రెండు తిన్నని ఉక్కు పట్టీలను సమమట్టంగా, సమాంతరంగా నిలిపి, మాండ్రిల్‌తో సహా పుల్లీని వాటి మీద దొర్లనివ్వండి. ఎప్పుడూ ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతుంటే ఆ వైపు బరువు ఎక్కువ. అక్కడ పక్క ముఖం మీద డ్రిల్లుతో లోతులేని గుంట పెట్టి, మళ్లీ దొర్లించి చూడండి. ఎక్కడ వదిలితే అక్కడ ఆగేదాకా ఇలా చేయాలి.

బిగించేటప్పుడు కొత్త స్ప్రింగ్ వాషర్ వేయండి. నట్ బిగువు మీ ఆల్టర్నేటర్ తయారీదారు చెప్పినంత ఉండాలి. ఒక తిన్నని పట్టీని క్రాంకు పుల్లీ ముఖం మీద ఆనించి వరస చూసుకోండి. 300 మిల్లీమీటర్ల దూరానికి ఒకటిన్నర మిల్లీమీటర్ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. కొత్త బెల్టే వేయాలి, పాతది అరిగిన గోడల ఆకారానికి మలచుకుని ఉంటుంది. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు దిగాలి. బండి కాసేపు నడిపాక కొత్త బెల్టు సర్దుకుని వదులవుతుంది, మరొకసారి బిగించండి. చివరగా లైట్లు వేసి, ఇంజిన్ వేగం కాస్త పెంచి, బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. బెల్టు అరవకుండా ఉన్నా అంత రాకపోతే తప్పు పుల్లీలో కాదు, వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌లోనో, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లలోనో వెతకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(సభికుల్లో ఒకరు: లేత్ లేదండీ. పుల్లీని ఆల్టర్నేటర్ మీదే ఉంచి, ఇంజిన్ తిరుగుతుండగా ఆకురాయి పట్టి సరిచేయవచ్చా?)

దయచేసి ఆ పని చేయకండి. ముందు మీ చేతి సంగతి. ఇంజిన్ తిరుగుతుండగా బెల్టు పక్కన ఆకురాయి జారితే వేళ్లు పోతాయి. రెండోది, ఆకురాయి పల్లాన్ని అనుసరిస్తూ పోతుంది, కోణం నిలవదు. గట్టు కాస్త నున్నబడి శబ్దం కొన్నాళ్లు తగ్గవచ్చు, గాడి మాత్రం ఇంకా వెడల్పవుతుంది, బెల్టు ఇంకా దిగుతుంది. లేత్ లేకపోతే పుల్లీ విప్పి టర్నర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొలతలు మాత్రం మీరే తీసుకుని వెళ్లండి.

(మరొకరు: మా కారులో సన్నని గాళ్లు ఆరేడు ఉన్న పుల్లీ ఉంది. అది కూడా ఇలా కోయవచ్చా సార్?)

ఆ గాళ్ల మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు, కోణం 40 డిగ్రీలు. అన్ని గాళ్లూ ఒకే లోతులో, ఒకే దూరంలో రావాలి. ఒక్కటి తేడా వచ్చినా బరువంతా మిగతావాటి మీద పడుతుంది. ఆ కొలతకు గీసిన టూలూ, గేజీ ఉంటే చేయవచ్చు. అయినా ఆ పుల్లీల గోడలు అరిగి, గట్టుల కొనలు కత్తిలా పదునెక్కి ఉంటే మార్చడమే మేలని నేను చెబుతాను. ముందు ఒకటి చూసుకోండి. మీది డీజిల్ బండి అయితే, పుల్లీ ముందు ప్లాస్టిక్ మూత ఉందా? ఉంటే అది లోపల ఒకవైపే పట్టే క్లచ్ ఉన్న పుల్లీ కావచ్చు. ఇంజిన్ కుదుపులకు బెల్టు ఒక్కసారిగా నెమ్మదించినప్పుడు ఆల్టర్నేటర్ రోటర్ (లోపల తిరిగే భాగం) తన వేగంతో తాను తిరిగేలా ఆ క్లచ్ పనిచేస్తుంది. ఆల్టర్నేటర్ విప్పి, షాఫ్టును కదలకుండా పట్టుకుని పుల్లీని రెండు వైపులా తిప్పండి. ఒకవైపు పట్టి, రెండో వైపు తేలికగా తిరగాలి. రెండు వైపులా తిరిగినా, రెండు వైపులా బిగుసుకున్నా క్లచ్ పాడైంది. అది సీలు చేసిన భాగం, ఇంట్లో విప్పి బాగుచేసేది కాదు. దాన్ని తీయడానికి ప్రత్యేకమైన పళ్ల సాకెట్ కావాలి, మామూలు స్పానర్‌తో ప్రయత్నిస్తే లోపలి పళ్లు తిరిగిపోతాయి. ఆ సాకెట్ నా దగ్గర ఉంది. కావలసినవారు ప్రసంగం అయ్యాక వచ్చి చూడండి, మీ పుల్లీకి సరిపోతుందో లేదో చూసి చెబుతాను.